చదువని కాగితముపై చేవ్రాలు

ద్రోణపర్వమున ధర్మరాజు పలికిన ఒక్క మాటను గూర్చి మన పెద్దలు తరతరములుగా తర్కించుచునే యున్నారు. అశ్వత్థామ యను పేరుగల ఏనుగు చచ్చినది. చచ్చినవాడు తన కుమారుడే యని ద్రోణుడు నమ్మవలెను. నమ్మినగాని ఆ వృద్ధుడు విల్లు దింపడు. దింపినగాని పాండవులకు గెలుపు లేదు. అబద్ధమాడడని లోకము నమ్మినవాడు ధర్మరాజు కావున ఆ మాట అతని నోటనే రావలసి వచ్చెను. అతడు మొదటి మాటను బిగ్గరగా పలికి, ఏనుగు సంగతిని వినబడకుండ గొణిగెను. అంతవఱకు నేలకు నాలుగంగుళముల యెత్తున నడచిన అతని రథము ఆ క్షణమున నేలను తాకెను. యుద్ధమును పాండవులే గెలిచిరి. అయినను రథము దిగిన సంగతిని కథకుడు దాచలేదు.

న్యాయమైన పక్షమున నిలిచినవాడు ఆ పక్షపు గెలుపు కొఱకు అసత్యమునకు తల యూపవచ్చునా? ఊపినచో అతడు పోగొట్టుకొనునది ఏమి? ఈ ప్రశ్న మన పురాణములతో ముగిసినది కాదు. ఇరువదవ శతాబ్దమున రాజ్యాధికారము, పార్టీ, ప్రచారయంత్రము అను మూడును ఏకమైనప్పుడు ఇది మఱింత కఠినముగా మనుష్యుల ముందు నిలిచెను. దానిని తన బ్రదుకునందును, తన నవలలయందును మోసిన ఒక ఇటలీ రచయితను గూర్చి ఈ సంచికయందు నాలుగు మాటలు వ్రాయదలచితిమి. అతని పేరు ఇగ్నాజియో సిలోనె. అతనిని దేవుని జేసి పూజించుట మా యుద్దేశము కాదు. అట్లు చేయుటకు వీలులేని కారణమును కూడ ఈ వ్యాసముననే చెప్పవలసి యున్నది.

సిలోనె అనునది కలము పేరు. తల్లిదండ్రులు పెట్టిన పేరు సెకొందీనో త్రాంక్విల్లి. అతడు 1900 మే 1వ తేదీన, రోము నగరమునకు తూర్పున నున్న అబ్రూజ్జో కొండసీమలో, పెషీనా యను చిన్న యూరిలో జన్మించెను. ఆ సీమలోని ఫూచినో సరస్సును పంతొమ్మిదవ శతాబ్దమున తోర్లోనియా ప్రభువు ఎండగట్టించి సాగుభూమిగా మార్చెను. భూమి ప్రభువునకు చెందెను. చాకిరి చుట్టుపట్ల పల్లెల బీదరైతులకు మిగిలెను. జమీందారీలను కన్నుల జూచిన మన పెద్దలకు ఈ యేర్పాటును విడమరచి చెప్పనక్కఱలేదు. సిలోనె తండ్రి ముందే గతించెను. 1915 జనవరి 13వ తేదీన వచ్చిన భూకంపమున ఆ సీమలో సుమారు 30,000 మంది మరణించిరి. వారిలో అతని తల్లియు నుండెను. పదునాలుగేండ్ల సిలోనెకు తోబుట్టువులలో తమ్ముడు రొమోలో ఒక్కడే మిగిలెను.

అతడు తరువాతి కాలమున వ్రాసికొన్న జ్ఞాపకములలో రెండు బాల్యఘట్టములు కలవు. ఒకనాడు ఇద్దఱు భటులు ఒక బీదవానిని సంకెళ్లు వేసి వీధి వెంట నడిపించుకొని పోవుచుండిరి. బాలుడు వానిని జూచి నవ్వెను. పట్టుబడినవానిని జూచి ఎన్నడును నవ్వరాదని తండ్రి మందలించెను. వాడు తన్ను తాను కాపాడుకొనలేడు; ఒకవేళ నిర్దోషియే కావచ్చును; ఏ విధముగ జూచినను దుఃఖములో నున్నవాడు. ఇవి ఆ తండ్రి చెప్పిన కారణములు.

రెండవది బొమ్మలాటను గూర్చిన ముచ్చట. ఆటలో ఒక పసివాడు మంచము క్రింద దాగియుండెను. దయ్యము వచ్చి, వాడెక్కడ నున్నాడని చూడవచ్చిన పిల్లలను అడిగెను. పిల్లలందఱు ఒక్క గొంతుతో, వాడు ఇక్కడ లేడు, దూరదేశము పోయినాడని బొంకిరి. తరువాత మతపాఠము చెప్పు గురువు, అబద్ధము ఎవరితో ఆడినను పాపమే యనెను. అట్లయిన దయ్యమునకు పసివానిని పట్టియీయవలసినదా అని పిల్లలు అడిగిరి. గురువు సూత్రమునే మఱల వల్లించెను. అప్పుడు సిలోనె లేచి, దాగియున్నవాడు పసివాడు గాక ఒక గురువే యైనచో ఏమి చెప్పవలెనని అడిగి, మోకాళ్లపై నిలుచు శిక్ష పొందెను.

ఈ రెండు ఘట్టములను ప్రక్కప్రక్కన బెట్టి చూచినచో అతని యాలోచనకు మూలము దొరకును. సత్యమనగా జరిగినది జరిగినట్లు చెప్పుట మాత్రమే కాదు. అడుగుచున్నవాడెవడు, చెప్పిన మాట ఎవరి మెడకు చుట్టుకొనును అను విచారణ కూడ అందు చేరియున్నది. దొంగలకు దారి చూపి నరకమున బడిన కౌశికుని కథ మన భారతముననే కలదు. కాని ఈ సడలింపు బలహీనుని కాపాడుటకు పుట్టినది. బలవంతుడు దానిని తన యవసరమునకు వాడుకొన మొదలిడినపుడే చిక్కు వచ్చును. దాగిన పసివాని కొఱకు పిల్లలు ఆడిన అబద్ధము వేఱు. పీఠముపై గూర్చున్నవాడు తన పీఠము కొఱకు పదిమంది చేత ఆడించు అబద్ధము వేఱు. సిలోనె యౌవనమున ఎదుర్కొన్నది ఈ రెండవదానిని.

1921 జనవరిలో లివోర్నో నగరమున ఇటలీ కమ్యూనిస్టు పార్టీ పుట్టినప్పుడు దాని స్థాపకులలో అతడొకడు. మఱుసటి సంవత్సరము ముస్సోలినీ అధికారమునకు వచ్చెను. 1926లో తక్కిన పార్టీలన్నియు నిషేధింపబడెను. రహస్యముగా పనిచేయువారికి మాస్కోలోని అంతర్జాతీయ సంస్థయే పెద్ద దిక్కయ్యెను. ఆ కాలమున కమ్యూనిస్టులతో చేరుట ఇటలీ యువకునకు పదవుల దారి కాదు, చెఱసాల దారి. ఈ సంగతిని మఱచి అతని తరువాతి మాటలను చదువరాదు. పేదవారి పక్షమున నిలుచుటకే అతడు పోయెను. పోయినచోట సత్యమునకు పట్టిన గతిని చూచెను.

మాస్కోలో జరిగిన ఒక చర్చను అతడు వర్ణించెను. బ్రిటనులోని కార్మికసంఘముల కేంద్రము, కమ్యూనిస్టుల ప్రాబల్యము గల శాఖలకు ఒక ఆంక్ష విధించెను. ఆంక్షకు లోబడితిమని బహిరంగముగా ప్రకటించి, లోలోపల దానికి విరుద్ధముగా నడచుకొనుడని ఒక రష్యా ప్రతినిధి ఉపాయము చెప్పెను. బ్రిటిషు ప్రతినిధి నిష్కపటముగా, అట్లు చేసినచో అది అబద్ధమగును గదా యని అడ్డుపడెను. సభలో గొల్లున నవ్వు పుట్టెను. ఆ నవ్వు టెలిఫోనుల మీదుగా తక్కిన కార్యాలయములకు ప్రాకి, స్టాలిను చెవి వఱకు పోయెనట. వారు నవ్వినది అబద్ధమాడువానిని జూచి కాదు. అబద్ధమాడుట ఒక యాటంకమని తలచినవానిని జూచి. ఒక సంస్థలో ధర్మము ఎప్పుడు చచ్చినదో తెలిసికొనుటకు ఇంతకంటె మంచి గుర్తు మాకు కనబడలేదు.

1927 మే నెలలో జరిగిన సమావేశము మఱింత గంభీరమైనది. చైనా వ్యవహారములపై ట్రాట్స్కీ వ్రాసిన ఒక పత్రమును ఖండించు తీర్మానము సిద్ధమై యుండెను. అధ్యక్షుడు జర్మను నాయకుడైన థేల్మన్. ఇటలీ పక్షమున వచ్చిన టొల్యాట్టియు, సిలోనెయు ఖండింపవలసిన ఆ పత్రమును ముందు తమకు చూపుడని కోరిరి. తామును దానిని చదువలేదని అధ్యక్షుడు జవాబు చెప్పెను. తర్జుమాలో ఏదో పొరపాటు దొరలినదని సిలోనె మొదట అనుకొనెను. పొరపాటేమియు లేదు. చదువనిదానిని ఖండింపజాలమని ఇటలీవారు పట్టుబట్టిరి. తీర్మానము ఏకగ్రీవము కాకున్నచో ప్రవేశపెట్టుట తగదని స్టాలిను దానిని వెనుకకు దీసికొనెను. పిమ్మట బల్గేరియా నాయకుడైన కొలరోవ్ వారిని తేనీటికి పిలిచి బోధ చేసెను. తానును ఆ పత్రమును చదువలేదు, చదువ గోరలేదు, ఇది పత్రముల వ్యవహారము కాదు, అధికారము కొఱకు జరుగు పోరు, ఎవరి వైపు నిలువవలెనో తేల్చుకొనుటయే పని యని అతని బోధ. సిలోనె తిరుగు ప్రయాణమున బెర్లిను చేరునప్పటికి, ఆ పత్రము ఖండింపబడినదను వార్త పత్రికలలో కనబడెను. సభ పేరిట కార్యవర్గమే ఆ పని ముగించెను.

ఇది సిలోనె 1949లో వెలువడిన ఒక వ్యాససంపుటమునకు వ్రాసి యిచ్చిన వృత్తాంతము. కమ్యూనిజమును నమ్మి విడిచిన ఆర్గురు రచయితలు అందు తమ కథలు చెప్పిరి. గాంధీజీ జీవితచరిత్ర వ్రాసిన లూయీ ఫిషర్ వారిలో నొకడు.

కొలరోవ్ బోధను మేము పలుమాఱులు తలచుకొంటిమి. అతడు బెదిరింపలేదు, లంచమీయ జూపలేదు. ఇంటి పెద్ద కుఱ్ఱవారికి లోకము తీరు చెప్పినట్లు చెప్పెను. అసత్యము మనలను జయించునది సాధారణముగా ఇట్టి చల్లని మాటల వలననే. ఆనాడు టొల్యాట్టియు సిలోనెతో కలిసియే నిలిచెను. కాని తరువాత అతడు పార్టీని విడువలేదు. 1964లో మరణించు వఱకు దాని నాయకుడుగా నుండెను. లోపల నున్నగాని పేదవారికి మేలు చేయలేమని తలచెను. యుద్ధానంతరము ఇటలీ గణతంత్ర రాజ్యాంగమును నిర్మించిన వారిలో అతని పార్టీయు నుండెను గనుక ఆ తలంపును కేవలము పిఱికితన మని త్రోసివేయుట న్యాయము కాదు. సిలోనె వేఱు దారి పట్టెను. 1931లో పార్టీ అతనిని బహిష్కరించెను. యౌవనము నంతయు పాతిపెట్టినట్లు తాను శోకించితినని అతడే వ్రాసికొనెను. సత్యము చెప్పినవానికి లోకము వెంటనే పూలదండ వేయదు. మొదట అతని స్నేహితులు ముఖము చాటుచేయుదురు.

క్షయరోగముతో స్విట్జర్లాండు కొండలలో నుండి అతడు వ్రాసిన మొదటి నవల “ఫొంతమారా” 1933లో, జూరిచ్ నగరమున, జర్మను తర్జుమాగా ముందు వెలుగు చూచెను. అందు కథ చదువురాని రైతులది. ఒక రాత్రి పట్టణము నుండి ఒక పెద్దమనిషి వచ్చి, పన్నులతో ఎట్టి సంబంధమును లేదని నమ్మబలికి, ఏమియు వ్రాయని కాగితములపై వారి చేవ్రాళ్లు తీసికొనిపోయెను. ఆ కాగితము పిమ్మట నింపబడి, ఊరి వాగు నీటిని ఒక క్రొత్త కాంట్రాక్టరు పొలమునకు మళ్లించుడని ఆ రైతులే సర్కారును వేడుకొన్నట్లు తేలెను. తగవు పెద్దదైనపుడు వారి పక్షమున నిలిచినట్లు నటించు వకీలు తీర్పు చెప్పెను: నీటిలో ముప్పాతిక కాంట్రాక్టరునకు, మిగిలిన దానిలో ముప్పాతిక ఊరివారికి; ఇరుపక్షములకును ముప్పాతికయే కావున న్యాయము సమానముగా నున్నదని. ఈ యేర్పాటు ఏబదియేండ్లు సాగవలెననగా రైతులు అఱచిరి. అట్లయిన పది “లుస్త్రములు” చాలునని వకీలు సరిపెట్టెను. లుస్త్రమనగా అయిదేండ్లని వారిలో ఎవరికిని తెలియదు.

చదువరి నవ్వును, నవ్వుచునే నొచ్చుకొనును. మాస్కోలో చదివినవారు చదువకయే చేయెత్తిరి. ఫొంతమారాలో చదువలేనివారు చదువకయే చేవ్రాలు చేసిరి. మొదటివారికి చదువు కలదు గాని స్వేచ్ఛ లేదు. రెండవవారికి రెండును లేవు. అధికారము కోరునది రెండు చోట్లను ఒక్కటియే: మన యాలోచన కాదు, మన పేరు. ఆలోచన కోరినచో ప్రశ్నలు పుట్టును. పేరు మాత్రము చాలుననువానికి మనము చదువకుండుటయే మేలు.

ఆ నవల మున్నుడిలో మరియొక మాట కలదు. ఫొంతమారా రైతులకు ఇటలీ భాష యింటిభాష కాదు. బడిలో నేర్చుకొన్న పరాయిభాష. తమ కష్టమును లోకమునకు చెప్పవలెనన్న వారు ఆ భాషనే అరువు తెచ్చుకొనవలెను. ఇది చదివినప్పుడు మాకు మన తాతలు జ్ఞాపకము వచ్చిరి. తమిళ సీమలోను, కన్నడ సీమలోను, ఒడిస్సాలోను, మహారాష్ట్రమునను స్థిరపడిన మన కుటుంబములలో, ఇంట తెలుగు మాటాడుచు కచేరీలో వేఱొక లిపిలోని దస్తావేజుపై వేలిముద్ర వేసినవా రెందఱో కలరు. యానాములో 1954 వఱకు పాలకుల భాష ఫ్రెంచి. అర్జీ వ్రాయువాడు చదివి వినిపించినదే వారికి వేదము. వ్రాసినవాడు మంచివాడైనచో భూమి నిలిచెను, కానిచో పోయెను. ఇరుగుపొరుగు భాషలను మన పిల్లలు చక్కగా నేర్చిన యీ కాలమున ఆ యిబ్బంది చాలవఱకు తీరినది. కాని చదువగలిగియు చదువకుండుట యను రెండవ యిబ్బంది తీరినదా? ఆ ప్రశ్నకు చివర వత్తుము.

1936–37లలో వెలువడిన “రొట్టె, ద్రాక్షసారాయము” అను రెండవ నవలలో సిలోనె స్వేచ్ఛను గూర్చి తిన్నగా చర్చించెను. కథానాయకుడు పియెత్రో స్పీనా పోలీసుల కన్నుగప్పి, గురువు వేషమున కొండపల్లెలో దాగియుండును. అతని బాల్యమిత్రుడైన వైద్యుడు ఒకడు, ఇప్పటికి ఇట్లు సర్దుకొని పోవలసినదే, అసలైన బ్రదుకు మునుముందు మొదలగునని నిట్టూర్చును. అట్లు ఎదురుచూచుచునే బ్రదుకు తీరిపోవునను సంగతి వానికిని తెలియును. స్పీనా సమాధానము ఇది: స్వేచ్ఛ ఎవరో దయతలచి యిచ్చు ఈనాము కాదు. నిరంకుశ ప్రభుత్వము క్రింద కూడ, తన తలతో తాను ఆలోచించి తాను ధర్మమని నమ్మినదాని కొఱకు పోరాడువాడు స్వతంత్రుడు. మిక్కిలి స్వేచ్ఛగల దేశమున కూడ, మనస్సు సోమరియైనవాడు దాసుడే.

అదే నవలలో 1935 నాటి అబిసీనియా యుద్ధము వచ్చును. వీధులన్నియు జయధ్వానములతో నిండియుండగా స్పీనా రాత్రివేళ బొగ్గుముక్కతో గోడలపై యుద్ధమునకు వ్యతిరేకముగా నాలుగు మాటలు వ్రాయును. తెల్లవారుసరికి ఊరంతయు కలవరము. నాలుగు బొగ్గు గీతలకు ఇంత భయమేల యని ఒక యువతి యడుగును. ప్రచారముపై నిలిచిన రాజ్యమునకు ఏకగ్రీవమే పునాది యనియు, ఒక్కడు కాదన్నను ఆ మంత్రము చెదరుననియు, వానిని చంపినను శవము గొణుగుట మానకపోవచ్చుననియు అతడు చెప్పును. ఏకగ్రీవమను మాటలోని గ్రీవమనగా మెడ. వేయి తలలకు ఒకటే మెడ యున్నచో కాడి వేయుట సులభము.

ఇంతవఱకు చెప్పినదానితో వ్యాసమును ముగించినచో సిలోనె మనకు నిష్కళంకుడైన ఋషివలె కనబడును. సత్యమును గూర్చి వ్రాయుచు అట్లు ముగించుట తగదు. మొదటి సంగతి. యుద్ధానంతరము స్వదేశము చేరి, 1956లో నికోలా కియరొమొంతెతో కలిసి “తెంపో ప్రెజెంతె” అను పత్రికను స్థాపించి, ఇరు కూటములలోని అసత్యములను విమర్శించెను. ఆ పత్రికకు అండయైన సాంస్కృతిక సంస్థకు అమెరికా గూఢచారిశాఖ నుండి రహస్యముగా ధనము వచ్చినదని 1967లో బయటపడెను. తనకు తెలియదని సిలోనె చెప్పెను. మఱుసటి సంవత్సరము పత్రిక ఆగిపోయెను. స్వేచ్ఛను గూర్చి వ్రాయువాడు కూడ తన దీపములో నూనె పోయుచున్నదెవరో విచారింపవలెనను పాఠము అందు కలదు.

రెండవ సంగతి ఇంతకంటె బరువైనది. సిలోనె 1978 ఆగస్టు 22వ తేదీన జెనీవాలో మరణించెను. 1990 తరువాతి దశకమున దారియో బియొక్కా, మౌరో కనాలి అను చరిత్రకారులు ఇటలీ పోలీసు దస్తరముల నుండి కొన్ని పత్రములను బయటపెట్టి, 2000లో ఒక గ్రంథముగా ప్రకటించిరి. కమ్యూనిస్టు పార్టీలో నున్న కాలముననే సిలోనె, గ్విదో బెల్లోనె అను పోలీసు అధికారికి రహస్యముగా సమాచార మందించెనని వారి వాదము. 1930 ఏప్రిల్ 13వ తేదీ గల ఒక యుత్తరమున “సిల్వెస్త్రి” యను మాఱుపేరుతో వ్రాసినవాడు, తన మనస్సు నలిగిపోవుచున్నదనియు, ఈ సంబంధమును త్రెంచుకొని క్రొత్త బ్రదుకు గోరుచున్నాననియు ఆ యధికారికి తెలిపెను. సిలోనె తమ్ముడు రొమోలో 1928లో పట్టుబడి, 1932లో చెఱసాలలోనే మరణించెను. తమ్ముని కాపాడుకొనుటకే అన్న ఆ యధికారితో మాటలు కలిపియుండునని కొందఱు సమర్థించిరి. సంబంధము తమ్ముడు పట్టుబడుటకు చాల ముందే మొదలైనదని ఆ చరిత్రకారులు బదులు చెప్పిరి. తంబురానో మొదలగువారు పత్రముల అన్వయమునే త్రోసిపుచ్చిరి. వివాదము అందఱకు సమ్మతముగా ముగియలేదు.

ఈ సంగతి మొదట విన్నపుడు మాకు కష్టము తోచెను. పట్టుబడినవానిని జూచి నవ్వరాదని నేర్చినవాడే మనుష్యులను పట్టియిచ్చెనా? ఆ యారోపణ నిజమైనచో అది ఒక రచయిత అంతరంగ విషాదము మాత్రమే కాదు. అతనిని నమ్మిన సహచరుల స్వేచ్ఛతో ముడిపడిన పాపము. దానికి మెత్తని పేరు పెట్టుట తగదు. అభిమానముతో పత్రములను చూడ నిరాకరించినచో, మేమును చదువని కాగితముపై చేయెత్తినవారి పంక్తిలో చేరుదుము. కోపముతో అతని నవలలను అవతల పాఱవేసినచో, చదువకయే ఖండించినవారి పంక్తిలో చేరుదుము. రెండును ఒక్క సభలోని రెండు బెంచీలు.

మాకు తోచిన మార్గము మూడవది. మాట నిజమా కాదా యనునది మాటను పరీక్షించి తేల్చవలెను. పలికినవాని బ్రదుకును పరీక్షించి అతని కీయవలసిన గౌరవమును తేల్చవలెను. ఈ రెండు లెక్కలను కలుపరాదు. ముప్పాతిక నీటి లెక్క మోసమని తెలిసికొనుటకు సిలోనె పవిత్రుడై యుండనక్కఱలేదు. మనకు కూడిక తీసివేత వచ్చిన చాలును. చదువని పత్రమును ఖండించుట తప్పని గ్రహించుటకు అతని సాక్ష్యము కూడ అక్కఱలేదు. మన మనస్సే చెప్పును. అతని నవలలు నిలుచునది ఈ బలముమీదనే. కాని అతని పేరు తలచినప్పుడు ఆ యుత్తరమును కూడ తలవవలెను. ధర్మరాజును ధర్మరాజనియే పిలుచుచు, రథము దిగిన సంగతిని కూడ చెప్పుట మన కథకులు నేర్పిన మర్యాద.

“ఫొంతమారా” ముగింపును గూర్చి ఒక్క మాట. బెరార్దో వియోలా యను మొండి రైతు చెఱసాలలో నుండి, పోలీసులు వెదకుచున్న అజ్ఞాతవ్యక్తిని తానే యని అబద్ధము చెప్పును. మఱియొకడు బయట తిరిగి పని సాగించుటకై తాను హింసలు పడి ప్రాణము విడుచును. ఈ నవలను సిలోనె వ్రాసినది ఆ 1930 ప్రాంతముననే. ఒకనిని కాపాడుటకు పోలీసులతో అబద్ధమాడి చచ్చిన రైతును అతడేల సృష్టించెనో, తాను చేయవలసియుండి చేయలేకపోయినదానిని వానిచేత చేయించెనో, మేము ఊహింపగలము గాని నిర్ణయింపజాలము. బొమ్మలాటలోని పసివాడు మాత్రము ఆ పుటలలో మఱల కనబడును.

ఇక మన సంగతి. మా సంఘపు సర్వసభ్య సమావేశములలో ఏండ్ల తరబడి మేము కూర్చుంటిమి. గత సమావేశపు కార్యక్రమమును చదివినట్లుగా భావించి ఆమోదించితిమి. లెక్కల పట్టికను త్రిప్పి చూడకయే చేయెత్తితిమి. ఎవరైన యువకుడు లేచి ఒక ప్రశ్న వేసినచో, పొరుగు సీమలో నున్న గుప్పెడు మంది మనలో మనకు రచ్చ యేల నాయనా, అని చల్లగా కూర్చుండబెట్టితిమి. కొలరోవ్ తేనీటి బల్లవద్ద చెప్పిన మాటకును, మేము కాఫీ త్రాగుచు చెప్పిన మాటకును ఎంత దూరమున్నది? అచట ఒక సామ్రాజ్యము, ఇచట ఒక అద్దె భవనము. అలవాటు మాత్రము ఒక్కటియే. అల్పసంఖ్యాకులకు ఐకమత్యము అవసరమే. కాని ఐకమత్యము వేఱు, ఏకగ్రీవము వేఱు. ప్రశ్న విని కలిసి నిలుచుట మొదటిది. ప్రశ్న లేకుండ కలిసి వంగుట రెండవది.

పెద్ద నిరంకుశులను ఎదిరించు అవకాశము మనలో చాలమందికి రాదు, రాకుండుట మంచిదే. కాగితము మాత్రము ప్రతివారి ముందుకును వచ్చును. సంఘములో గాని, కొలువులో గాని, కుటుంబములో ఆస్తి పంపకమునాడు గాని, ఒక కాగితము చాచి, అందఱును చేసినారు, మీరును చేయుడని అడుగుదురు. అప్పుడు ఒక్క నిమిషము ఆగి, చదివి చేసెదననుట వీరకార్యము కాదు. కాని సిలోనె ఒకనాడు మాస్కోలో చేసినది అంతే. వేఱొకనాడు చేయలేకపోయెనేమో కూడ అదియే. ఒకసారి నిలిచినవాడు ఎల్లప్పుడును నిలుచునను హామీ యెవరికిని లేదు. కావుననే ప్రతి కాగితమును క్రొత్తగా చదువవలెను.

రాబోవు సమావేశమున మా ముందు పెట్టు లెక్కలను మేము చదివియే చేయెత్తుదుము. అందువలన సభ ఒక గడియ ఆలస్యమగును. పాఠకులు, సభ్యులు మన్నింతురు గాక.